మాట అయ్యాక కాస్త ఆగితే ఏం పోతుంది? కామెంటరీ, యాడ్స్, స్టాండప్ గురించి మీరేమంటారు?

గవర్నర్‌పేట మైక్‌సెట్:

నాకు విజయవాడ గవర్నర్‌పేటలో మైక్‌సెట్ షాపు ఉంది. పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు, నాటక పరిషత్తులు, సంతాప సభలు, దేనికి పిలిచినా స్పీకర్లు మోసుకెళ్తాం. ఈమధ్య స్టాండప్ కామెడీ షోలకి కూడా పిలుస్తున్నారు. పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. అప్పుడు ఫోన్లో తెలుగు కామెంటరీతో హైలైట్స్ పెట్టుకుని భోంచేస్తాను. పగలు షాపులో టీవీ నడుస్తూనే ఉంటుంది, యాడ్స్‌తో సహా. అంటే కామెడీ, యాడ్స్, క్రికెట్ మూడూ రోజూ నా చెవిన పడేవే. మాకు అన్నం పెట్టేది చెవే కాబట్టి దేన్నీ ఊరికే వినలేను.

మూడింటిలోనూ నాకు ఒకటే లోటు కనిపిస్తోంది. మాట అయ్యాక ఎవరూ ఆగడం లేదు.

ముందు క్రికెట్. బంతి బ్యాటు మధ్యలో తగిలిందో అంచుకి తగిలిందో బాగా ఆడినవాళ్లకి చప్పుడుతోనే తెలిసిపోతుంది. ఆ చప్పుడు పట్టడానికి స్టంప్ మైక్ ఉంటుంది. జనం అరుపుల కోసం బౌండరీ చుట్టూ వేరే మైకులుంటాయి. ఇంత శ్రమపడి పట్టిన శబ్దం మీద మనవాళ్లు మాటలు పరిచేస్తున్నారు. బౌలర్ పరుగు మొదలెట్టినప్పుడు ఎత్తుకున్న వాక్యం బంతి బౌండరీ దాటాక కూడా పూర్తికాదు. మధ్యలో ఒక సామెత, ఒక సినిమా డైలాగు, పక్కాయన నవ్వు. గ్రౌండ్ సౌండ్ మాత్రం నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

2023 ఐపీఎల్ ఫైనల్ తీసుకోండి. వాన వల్ల మే 28న జరగాల్సింది 29కి మారింది, ఆట తేలేసరికి తేదీ 30 అయిపోయింది. చెన్నైకి 15 ఓవర్లలో 171 కావాలి. మన గుంటూరు రాయుడు అదే తన ఆఖరి ఐపీఎల్ మ్యాచ్ అని ముందే చెప్పేసి దిగాడు. మోహిత్ శర్మ బౌలింగ్‌లో వరసగా 6, 4, 6 కొట్టి, ఆ తర్వాతి బంతికే అవుటయ్యాడు. 8 బంతుల్లో 19 పరుగులు. 2019 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కక బాధపడ్డ మనిషి అలా ఆడి వెనక్కి నడిచి వెళ్తుంటే, నాకు ఆ మూడు దెబ్బల చప్పుడూ, ఆ తర్వాత జనం హోరూ వినాలని ఉంటుంది. వాటి మీద ఏ మాటా వద్దు. ఆయన గురించి చెప్పాల్సింది అర నిమిషం ఆగి చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

2002 నవంబర్ 24న మా ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ వన్డే జరిగింది. నేను గ్యాలరీలో ఉన్నాను. గేల్ 140 కొట్టాడు. వాళ్లు 315 చేస్తే మనవాళ్లు 180కి ఆలౌట్. మన వికెట్ పడినప్పుడల్లా ముందు ఒక్క క్షణం ఏ శబ్దమూ ఉండేది కాదు. తర్వాత స్టేడియం మొత్తం ఒక్కసారే "అబ్బా" అనేది. గ్యాలరీలో కామెంటరీ ఉండదు కాబట్టి ఆ క్షణం మాకు దక్కింది. టీవీలో చూసేవాళ్లకీ దక్కాలి కదా.

ఇక యాడ్స్. యాడ్ శబ్దం మరీ బిగ్గరగా ఉండకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. గంటలో 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదని కూడా ఉంది. మరి బ్రేక్ రాగానే అందరం రిమోట్ కోసం ఎందుకు తడుముకుంటున్నాం? మీటర్ పెట్టి చూస్తే యాడ్ సౌండ్ సీరియల్ సౌండ్ కన్నా పైకి వెళ్లకపోవచ్చు. తేడా ఎక్కడంటే, సీరియల్‌లో ఒక మాట పెద్దగా, ఒక మాట చిన్నగా ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. యాడ్‌కి కంప్రెసర్ వేసి చిన్న శబ్దాలన్నిటినీ పైకి లాగేస్తారు. ముప్పై సెకన్లూ మీటర్ పైనే అతుక్కుని ఉంటుంది. చెవికి ఊపిరాడదు.

లలితా జ్యువెలరీ యాడ్ చూడండి. ఓనరే కెమెరా ముందు నిలబడి సొంత గొంతుతో, తనకి వచ్చిన తెలుగులో నింపాదిగా చెప్తారు. "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అన్న మాట వినేవాడి చెవిలో దిగేదాకా తొందరపడరు. ఇవాళ రైతుబజార్లో బేరమాడేవాళ్ల నోటా అదే మాట.

స్టాండప్ దగ్గర నేను గదిలోనే ఉంటాను కాబట్టి గట్టిగా చెప్పగలను. మొన్నామధ్య మొగల్రాజపురంలో ఒక కెఫే మేడమీద షో. అరవై డెబ్బై కుర్చీలు, నేలంతా టైల్స్, రెండువైపులా అద్దాలు. అలాంటి గదిలో నవ్వు తొందరగా అణగదు, గోడలకి కొట్టుకుంటూ తిరుగుతుంది. ఒక కుర్రాడు వాళ్ల అమ్మ పెట్టే వాయిస్ మెసేజ్‌ల గురించి చెప్పాడు. మొదటి నిమిషం కొడుకుతో మాట్లాడుతుందట, రెండో నిమిషం గుమ్మంలోకొచ్చిన కూరగాయల బండతనితో బేరం, చివర్లో "సరే నాన్నా, పావుకిలో చాలు, పుచ్చులు లేకుండా వెయ్యి" అని పెట్టేస్తుందట. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఇంకా పైకి లేస్తుండగానే కుర్రాడు తర్వాతి జోక్ ఎత్తుకున్నాడు. దాని మొదటి సగం ఎవరికీ వినపడలేదు. వినపడని దానికి నవ్వు రాలేదు. నవ్వు రాలేదని కంగారుపడి ఇంకా వేగం పెంచాడు. నేను మిక్సర్ దగ్గర సౌండ్ పెంచే ఫేడర్ పైకి తోస్తూనే ఉన్నాను, స్పీకర్లు కుయ్యిమని కూత పెట్టడం, అదే ఫీడ్‌బ్యాక్, మొదలయ్యాక ఇంక తోయలేం. మంచి మంచి జోకులు, చేతికందినవి జారిపోయాయి. నాకు నిజంగా బాధేసింది.

పరిషత్తు నాటకాల్లో పాత నటులు ఏం చేస్తారో చూశాను. నవ్వు రాగానే చేతికి పని కల్పించుకుంటారు. కండువా దులుపుకుంటారు, కళ్లజోడు తీసి తుడుస్తారు. నవ్వు పూర్తిగా ఆగేదాకా కాదు, దిగడం మొదలయ్యేదాకా. అప్పుడు తర్వాతి డైలాగ్ అందుకుంటారు.

నా ప్రశ్న ఇది. ఎందుకు ఆగడం లేదు? భయమా, టైమ్ లేకనా, లేక గలగలా మాట్లాడితేనే మనవాళ్లకి నచ్చుతుందని అనుకుంటున్నారా? ఈ రంగాల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చూసేవాళ్లు కూడా చెప్పండి.

—

బ్రాడీపేట తెలుగు టీచర్:

నమస్కారమండీ. గుంటూరులో హైస్కూల్లో తెలుగు చెప్తాను. గలగలా మాట్లాడితేనే మనవాళ్లకి నచ్చుతుందన్న మాట నేను ఒప్పుకోను. మనకి ఆగడం తెలియక కాదు.

ఎప్పుడైనా అష్టావధానం దగ్గర కూర్చుని విన్నారా? ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే అవధాని ధ్యాస చెదరగొట్టడం. సమస్యాపూరణం నడుస్తుండగా "అవధానిగారూ, పొద్దున్న ఇంట్లో ఏం టిఫినండీ?" అన్నట్టు ఏదో ఒకటి అడుగుతారు. అవధాని చమత్కారంగా బదులిస్తారు, సభ నవ్వుతుంది. నేను గమనించింది ఏమిటంటే, ఆ నవ్వుతున్నంతసేపూ అవధాని తొందరపడరు. ఆ కాసేపట్లో లోపల తర్వాతి పాదం కట్టుకుంటారు. జనం నవ్వు ఆయనకి అడ్డం కాదు, ఆయనకి దొరికిన సమయం. ఈ కాలం పిల్లలు క్రౌడ్ వర్క్ అంటున్నది, అంటే ఎదురుగా ఉన్న జనంతో అప్పటికప్పుడు మాట కలిపి నవ్వించడం, మనం ఎప్పటినుంచో చూస్తున్నదే. స్టాండప్ చేసేవాళ్లు ఒక్క అవధానానికి వెళ్లి అప్రస్తుత ప్రసంగం జరిగేటప్పుడు అవధాని ముఖం మాత్రమే చూస్తూ కూర్చుంటే చాలా నేర్చుకుంటారు.

బుర్రకథ సంగతి కూడా అంతే. నాజర్ గారిది మా గుంటూరు జిల్లా పొన్నెకల్లే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ ఎంత బరువుగా నడుస్తున్నా హాస్యం చెప్పే అతను మధ్యలో దూరి ఊళ్లో కరెంటు గురించో, రేషన్ షాపు గురించో ఒక మాట విసురుతాడు. జనం నవ్వుతారు. వెంటనే గుమ్మెటలు మోగుతాయి. నవ్వు సద్దుమణిగేదాకా వాయిద్యం నడుస్తుంది, ఆ తర్వాతే కథకుడు నోరు తెరుస్తాడు. ఒంటరిగా మైక్ పట్టుకున్న పిల్లాడికి గుమ్మెట లేదు. పాపం, ఆ ఖాళీలో తనొక్కడే నిలబడాలి. భయం అక్కడే పుడుతుందని నా ఉద్దేశం.

ఇంకో మాట. మేం ఇంటిల్లిపాదీ ఈమధ్య ఒక షోకి వెళ్లాం. మీరు చెప్పిన ఆ వాయిస్ మెసేజ్ లాంటి జోకులకి మా అత్తగారు కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. కానీ పెళ్లాం వంట, పెళ్లాం షాపింగ్ దగ్గరికొచ్చేసరికి హాల్లో ఆడవాళ్లెవరూ నవ్వలేదు. సొంత ఇంట్లో నిజంగా జరిగింది చెప్తే అందరికీ తగులుతుంది. ఎవరో చెప్పగా విన్నది తిరిగి చెప్తే పట్టుమని పది నవ్వులు రావు.

—

డబ్బింగ్ గొంతు:

అన్నా, యాడ్స్ గురించి నేను చెప్తాను, పదేళ్ల పైనే ఈ పని చేస్తున్నా. బెజవాడ లోకల్ యాడ్స్‌కి గొంతు ఇస్తాను, పిలిచినప్పుడు హైదరాబాద్ వెళ్లి హిందీ యాడ్స్‌కి తెలుగు కూడా చెప్తాను.

భయమూ కాదు, ఇష్టమూ కాదు. స్థలం లేదు. టీవీలో టైమ్‌ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు. ఒక్క సెకను ఖాళీగా వదిలినా క్లయింట్‌కి ఆ డబ్బు వృథా అయినట్టే అనిపిస్తుంది. ముప్పై సెకన్లలో యాభై మాటలు హాయిగా పడతాయి. బట్టల షాపు ఆయన ఎనభై రాసుకుని వస్తాడు. ఆషాఢం డిస్కౌంట్, రెండు బ్రాంచీల అడ్రసులు, పార్కింగ్ సౌకర్యం కలదు, ఫోన్ నంబరు రెండుసార్లు. "కొంచెం స్పీడుగా చదివెయ్ తమ్ముడూ" అంటాడు. నేను చదివాక కూడా రెండు సెకన్లు ఎక్కువొస్తే ఎడిటింగ్‌లో నా ఊపిరి కోసేస్తారు. అవునన్నా, వాక్యానికీ వాక్యానికీ మధ్య నేను గాలి పీల్చుకున్న చప్పుడు తీసేసి రెండు ముక్కలూ అతికిస్తారు. అందుకే మీకు చెవికి ఊపిరాడనట్టు ఉంటుంది. అక్కడ నిజంగానే ఊపిరి లేదు.

హిందీ నుంచి వచ్చేవాటితో ఇంకో చిక్కు. బొమ్మ ముందే కోసేసి ఉంటుంది, నటి పెదాలు కదిలినంతసేపట్లోనే మన వాక్యం అయిపోవాలి. మన మాటలకి విభక్తులు అతుక్కుని పొడుగవుతాయి. మ్యూచువల్ ఫండ్ హెచ్చరిక అందరికీ తెలుసుగా. ఇంగ్లీషులో దానికి 14 మాటలు, కనీసం 5 సెకన్లు చదివితే స్పష్టంగా ఉన్నట్టే అని మార్కెట్లని నియంత్రించే సెబీ 2012లో చెప్పింది. అదే హెచ్చరిక తెలుగులో "మార్కెట్ రిస్కులకు లోబడి ఉంటాయి, పథకానికి సంబంధించిన అన్ని పత్రాలను జాగ్రత్తగా చదవండి" అని పలికి చూడండి, నోరు దాదాపు రెండింతలు కదలాలి. ఇచ్చే సెకన్లు మాత్రం అవే. చదివేవాడికీ అర్థం కాదు, వినేవాడికీ అర్థం కాదు. డబ్బు పోయే అవకాశం ఉందని చెప్పే మాట అది. నిదానంగా వినిపించాల్సింది ముందు అదే కదన్నా.

ఆన్‌లైన్ గేముల యాడ్స్‌లో కూడా ఇదే చూశాను. మన రాష్ట్రంలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు నిషేధించారు. అయినా మ్యాచ్ మధ్యలో టీమ్ పెట్టుకోండి, గెలుచుకోండి అని యాడ్ మోగేది, మనవాళ్లకి వర్తించదన్న ముక్క కింద చిన్న అక్షరాల్లో పరుగెత్తేది. మా వీధిలో కుర్రాళ్లకి ఆ చిన్న అక్షరాలు ఎప్పుడూ కనపడలేదు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాకే ఆ యాడ్స్ గోల ఆగింది.

—

కొరిటెపాడు ఆఫ్‌స్పిన్:

గుంటూరులో క్లబ్ క్రికెట్ ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. మైక్‌సెట్ గారి మాటలో సగం ఒప్పుకుంటాను.

ఒప్పుకునే సగం ముందు. తెలుగు కామెంటేటర్లు చాలావరకు గ్రౌండ్‌లో ఉండరు. స్టూడియోలో కూర్చుని, మనం చూసే బొమ్మే వాళ్లూ చూస్తూ మాట్లాడతారు. గ్రౌండ్‌లో ఉన్నవాడికి జనం హోరు ఒంటికి తగులుతుంది, దాన్ని దాటి మాట్లాడాలంటే వాడికే మనసొప్పదు. స్టూడియోలో హెడ్‌ఫోన్ తీస్తే ఏసీ చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఆ నిశ్శబ్దానికి కంగారు పుట్టి నింపేస్తారు. పైగా ఒకేసారి ముగ్గురు కూర్చుంటారు, ఎవరి వంతు వాళ్లకి కావాలి. ఆరో బంతి పడగానే యాడ్ దూకుతుంది కాబట్టి ఉన్నదంతా బంతికీ బంతికీ మధ్యే చెప్పేయాలి. అంతర్జాతీయ వన్డే, టీ20ల్లో 2024 జూన్ నుంచి ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్ల గడియారం శాశ్వతంగా పెట్టారు. ఆ నిమిషం ఒకప్పుడు ఓవర్ గురించి విశ్లేషించుకునే సమయం. ఇప్పుడు పూర్తిగా యాడ్స్‌కే. ఐపీఎల్ టైమ్ అవుట్ రెండున్నర నిమిషాలు, మ్యాచ్‌కి నాలుగు. కెప్టెన్ కోచ్‌తో ఏం మాట్లాడుతున్నాడో చూడాలని నాకుంటుంది, చూపించరు.

ఒప్పుకోని సగం. 2018 డిసెంబర్‌లో తెలుగులో ప్రత్యేక స్పోర్ట్స్ ఛానల్ రాకముందు మా దగ్గరికొచ్చే పల్లెటూరి పిల్లలకి ఆట కనపడేది, ఆలోచన వినపడేది కాదు. ఇప్పుడు పదేళ్ల పిల్లాడు వచ్చి "సార్, లెగ్‌సైడ్ ఫీల్డర్‌ని లోపలికి తెచ్చాడంటే షార్ట్ బాల్ వేయడా?" అని అడుగుతున్నాడు. అది ఎమ్మెస్కే ప్రసాద్, రాయుడు లాంటివాళ్లు తెలుగులో విడమరిచి చెప్పబట్టే. ఇద్దరూ మా గుంటూరువాళ్లే, ఆట లోపలినుంచి తెలిసినవాళ్లు. వాళ్లు మాట్లాడాలి. సామెతలు తగ్గించి, ఫీల్డింగ్ గురించి ఇంకా ఎక్కువ మాట్లాడాలి. బంతి వెయ్యకముందు చెప్పండి, బంతి పడ్డాక ఊరుకోండి, నేను కోరేది అదే.

కబడ్డీకి మాత్రం మీ లెక్క వర్తించదు. రెయిడ్‌కి 30 సెకన్లు. కూతకెళ్లినవాడి ఊపిరితో పాటే కామెంటేటర్ కూడా పరుగెత్తాలి. తెలుగు కామెంటరీ అన్నిటికన్నా బాగా కుదిరింది ప్రో కబడ్డీకే. పట్టు, కూత, బరి... ఇవన్నీ మనం చిన్నప్పుడు బడి మైదానంలో అరిచిన మాటలే, ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

—

పటమట కోడలు:

నాకు మీ అందరిలా ఆటలు తెలియవు. మా మామయ్యగారి సంగతి చెప్పాలని రాస్తున్నాను. ఆయనకి షుగర్ వల్ల కంటిచూపు బాగా దెబ్బతింది. టీవీ ముందు కూర్చుంటే వెలుతురు, మసక రంగులు తప్ప ఏమీ తెలియవు. అయినా ఇండియా మ్యాచ్ అంటే టిఫిన్ కూడా అక్కడికే తెమ్మంటారు. తెలుగు కామెంటరీ పెడితే ఆయనకి మ్యాచ్ మొత్తం అర్థమవుతుంది. మా అబ్బాయి ఒకసారి ఇంగ్లీషుకి మార్చాడు. అక్కడ బంతి పడ్డాక చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. మామయ్యగారు "ఏమైంది? ఏమైందిరా?" అని అడుగుతూనే ఉన్నారు, పిల్లాడు స్క్రీన్‌లో మునిగిపోయి బదులివ్వలేదు. ఆయన ముఖం చూసి నేనే వచ్చి మార్చాను.

మీకు ఖాళీ కావాలి, ఆయనకి ఆ ఖాళీలో ఆట ఆగిపోతుంది. కామెంటేటర్లు ఊరుకోవాలని అడిగే ముందు ఇలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారని గుర్తుపెట్టుకోండి.

—

ఓపెన్‌మైక్ తాడేపల్లి:

అంకుల్, మొగల్రాజపురం షోలో మీరు చెప్పిన వాయిస్ మెసేజ్‌ల కుర్రాడు నేను కాదు గానీ, నాకూ అచ్చం అలాగే జరుగుతుంది. ఇంజనీరింగ్ ఫైనలియర్. వారాంతంలో ఓపెన్ మైక్, అంటే కొత్తవాళ్లు కూడా ఎక్కి చెప్పే షో, ఎక్కడున్నా వెళ్తాను. మాకు ఇచ్చేది ఐదు నిమిషాలు. నాలుగో నిమిషంలో వెనకనుంచి ఫోన్ లైటు వెలిగిస్తారు. అది వెలిగిందంటే మిగిలిన జోకులన్నీ ఒకేసారి బయటికొచ్చేస్తాయి. టీచర్‌గారు చెప్పింది కూడా నిజమే. నవ్వుతున్నప్పుడు ఆగడం కష్టం కాదు, నవ్వు వస్తుందో రాదో తెలియని ఆ ఒక్క సెకను ఆగడమే చచ్చే టెన్షన్. అది దాటడానికి ఏం చెయ్యాలి? ఇంకోటి, మైక్ ఎలా పట్టుకోవాలో కూడా మాకెవరూ చెప్పలేదు.

—

గవర్నర్‌పేట మైక్‌సెట్:

అందరికీ నమస్కారం. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, మనసు నిండింది.

పటమట కోడలుగారూ, మీ మామయ్యగారి గురించి చదివాక చాలాసేపు ఆలోచించాను. ఆయనకి కావలసింది రేడియో వ్యాఖ్యానం. మా చిన్నప్పుడు విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భద్రాచలం కల్యాణం చెప్తుంటే వంటింట్లో ఉన్నవాళ్లకి కూడా మండపం కళ్లకి కట్టేది. ఎవరు ఎటు కూర్చున్నారు, ఏం పట్టుకొచ్చారు, అన్నీ చెప్పేవారు. కంటికి కనపడనిది చెప్పడం వేరే విద్య. బొమ్మ కనపడుతున్నప్పుడు మాట్లాడటం ఇంకో విద్య. రెండూ ఒకే ఫీడ్‌లో కలిపేస్తే మీ మామయ్యగారికీ పూర్తిగా అందదు, నాకూ అందదు. బంతి ఎటు వెళ్లిందో చెప్పకుండా సినిమా డైలాగు చెప్తే ఆయనకి మాత్రం ఏం ఉపయోగం? 2024 ఐపీఎల్‌లో వినపడనివాళ్ల కోసం సంజ్ఞల భాషలో వేరే ఫీడ్ ఇచ్చారు. భాష ఎంచుకోమని అడిగే చోటే "పూర్తి వివరణ" అని ఒకటి, "గ్రౌండ్ సౌండ్ మాత్రమే" అని ఒకటి పెట్టడం పెద్ద పని కాదు. శబ్దాలన్నీ వేరు వేరు ట్రాకుల్లోనే వస్తాయి, కలపడం చివర్లో జరుగుతుంది. ఆ సౌకర్యం అడుగుదాం. ముందు మామయ్యగారి కోసం అడుగుదాం.

ఆఫ్‌స్పిన్ గారూ, "బంతి వెయ్యకముందు చెప్పండి, పడ్డాక ఊరుకోండి" అన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కబడ్డీ సంగతీ సరే. దానికి ఎదురుగా విలువిద్య పెట్టండి. మా విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023లో, మూడు బంగారు పతకాలు తెచ్చింది. వ్యక్తిగత ఫైనల్లో 150కి 149. ఆమె ఆడేది కప్పీలున్న విల్లుతో, దాన్నే కాంపౌండ్ అంటారు. ఆ ఫైనల్లో ఒక్కో బాణానికి 20 సెకన్లు. అమ్మాయి విల్లు ఎత్తిందంటే స్టాండ్స్ కూడా ఊపిరి బిగబడతాయి. నారి వదిలిన చప్పుడు, బాణం టార్గెట్‌లో దిగిన చప్పుడు, ఆ తర్వాతే కేక. ఆ మ్యాచ్ మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. కామెంటరీ అక్కడ ఎంత తక్కువుంటే ఆట అంత పెద్దగా కనిపించింది. 2028 ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు. అది తెలుగులో చూపిస్తే, దయచేసి ఆ 20 సెకన్లూ మాకు వదిలెయ్యండి.

డబ్బింగ్ తమ్ముడూ, ఊపిరి కోసేస్తారని నువ్వు రాసింది చదివాక ఇవాళ షాపులో ప్రతి యాడ్‌లోనూ అదే వెతుక్కున్నాను. నిజంగానే ఎక్కడా లేదు. నీ బట్టల షాపు క్లయింట్‌ని ఒకసారి మా షాపుకి తీసుకురా. యాభై మాటలతో ఒకటి, ఎనభైతో ఒకటి రికార్డు చేసి మా పెద్ద స్పీకర్లలో పక్కపక్కనే వినిపిద్దాం. రెండోది విన్నాక ఫోన్ నంబరు గుర్తుందేమో ఆయన్నే చెప్పమందాం.

తాడేపల్లి బాబూ, నీకు పనికొచ్చేవి చెప్తాను. మైక్ పైన గుండ్రంగా ఉన్న జాలీని అరచేత్తో మూసి పట్టుకోవద్దు, కూత వచ్చేది దానివల్లే. పిడిని మధ్యలో పట్టుకో, నోటికి రెండు వేళ్ల దూరం ఉంచు, తల తిప్పితే మైక్ కూడా తిప్పు. జోక్ చివరి మాట అయ్యాక మైక్‌ని గడ్డం కిందికి దించు. మైక్ కింద ఉన్నంతసేపు మాట్లాడినా వినపడదని నీకే తెలుసు కాబట్టి నోరు దానంతటదే ఆగుతుంది. మళ్లీ పైకి తెచ్చేలోపు ఆ సెకను గడిచిపోతుంది. పాత నటుల కండువా చేసే పని అదే. ఐదు నిమిషాలకి ఎన్ని జోకులు రాసుకున్నావో అందులో మూడోవంతు ఇంట్లో వదిలేసి రా, అప్పుడు ఫోన్ లైటు నిన్ను తరమదు. షో రోజు ఆరింటికల్లా వస్తే జనం రాకముందు ఖాళీ గదిలో ఒకసారి, పది మంది కూర్చున్నాక ఒకసారి మైక్ చూసుకోవచ్చు. మనుషులు నిండితే గది సౌండ్ మారిపోతుంది. నేను ఏ షోకి వచ్చినా మిక్సర్ పక్కనే ఉంటాను, వచ్చి అడుగు.